కోస్టారికాలో సముద్ర తాబేళ్ల ఇంటర్న్‌షిప్: డబ్బు కట్టేముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తాను, వెళ్లండి. తాబేలు పిల్లని అరచేతిలో పెట్టుకుని ఫొటో దిగాలన్న కోరిక ఒక్కటే ఉంటే మాత్రం వద్దు, ఎందుకంటే తాబేళ్లను కాపాడే మంచి స్టేషన్ ఏదీ ఆ పని చెయ్యనివ్వదు, చెయ్యనిచ్చే చోటికి మీరు వెళ్లకూడదు. నేను పని చేసింది మధ్య అమెరికాలోని కోస్టారికాలో, కరీబియన్ వైపు తీరంలో, లెదర్‌బ్యాక్ తాబేళ్ల సీజన్ చివర్లో మొదలుపెట్టి పచ్చ తాబేళ్లు ఒడ్డుకు బాగా వచ్చే రోజుల దాకా. ఆ తీరంలో లెదర్‌బ్యాక్‌లు ఇంచుమించు మార్చి నుంచి జూలై వరకు, పచ్చ తాబేళ్లు జూలై నుంచి అక్టోబర్ వరకు గుడ్లు పెడతాయి. సెలవులు ఎప్పుడు దొరికితే అప్పుడు టికెట్ కొనేసి, అక్కడికెళ్లాక సీజన్ అయిపోయిందని నిరాశపడ్డవాళ్లను చూశాను కాబట్టి మొదట నెల చూసుకోండి, తర్వాతే మిగతావన్నీ.

స్టేషన్ పేరు, మధ్యలో ఉన్న ఏజెన్సీ పేరు రాయడం లేదు. స్టేషన్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఏజెన్సీకి రెండు. ఎందుకో కింద చెప్తాను.

అసలు పని రాత్రిపూట. ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా ఒక జట్టు, పన్నెండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా ఇంకో జట్టు. నల్ల బట్టలు, బూట్లు, తెల్ల లైటు ఎక్కడా కనిపించకూడదు, ఫోన్ జేబులోంచి తియ్యకూడదు. లైటు లేకుండా నడవడం మొదట భయంగా ఉంటుంది, ఓ పావుగంట, ఇరవై నిమిషాలు గడిస్తే కళ్లు అలవాటు పడతాయి, ఆ తర్వాత నక్షత్రాల వెలుతురే సరిపోతుంది. మెత్తటి ఇసుకలో, కొట్టుకొచ్చిన దుంగల మధ్య, వానలో కిలోమీటర్ల కొద్దీ నడక. ఏ తాబేలూ రాని రాత్రులు ఉంటాయి, వరసగా కూడా ఉంటాయి. ఈ మాట ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. ఖాళీగా తిరిగొచ్చిన రాత్రి కూడా ఫారం నింపాలి: ఎన్ని గంటలకు బయల్దేరారు, వాతావరణం ఎలా ఉంది, ఎంత దూరం నడిచారు, ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించలేదన్నది కూడా డేటానే అని మా గైడ్ పదేపదే చెప్పేవాడు, అది నిజమే. నడిచిన రాత్రులన్నీ లెక్కలో లేకపోతే, తాబేళ్లు తగ్గాయా లేక మనుషులు తక్కువ నడిచారా అన్నది ఎప్పటికీ తేలదు.

గైడ్ ముందు నడుస్తాడు, మిగతావాళ్లు వెనక. ఇసుకలో నీళ్ల అంచు నుంచి పైకి వెళ్లిన నల్లటి చార కనబడగానే అందరూ ఆగిపోవాలి. ఆ చారని చదవడం నేర్పిస్తారు, నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం అదే. పచ్చ తాబేలు, లెదర్‌బ్యాక్ రెండూ ముందు ఫ్లిప్పర్లు, అంటే తెడ్డుల్లాంటి కాళ్లు, రెండూ ఒకేసారి వేసి ఒళ్లు ఈడ్చుకుంటాయి కాబట్టి గుర్తులు రెండు పక్కలా సమానంగా పడతాయి. పచ్చ తాబేలు చార ఓ మీటరు వెడల్పు ఉంటే లెదర్‌బ్యాక్‌ది దాదాపు రెండు మీటర్లు, ట్రాక్టర్ వెళ్లిందేమో అనిపిస్తుంది. హాక్స్‌బిల్ అనే ఇంకో రకం తాబేలైతే కుడి, ఎడమ మార్చి మార్చి వేస్తుంది, చార సన్నం. పైకి వెళ్లిన చార ఒక్కటే ఉందంటే తాబేలు ఇంకా ఒడ్డు మీదే ఉంది. రెండు ఉంటే వెళ్లిపోయింది.

తర్వాత గైడ్ ఒక్కడే పాక్కుంటూ వెళ్లి చూసొస్తాడు. గుంట తవ్వుతున్నంతసేపూ దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు, ఆ సమయంలో కాస్త అలికిడైనా తాబేలు గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగిపోతుంది. అరగంట ఇసుకలో కదలకుండా కూర్చోవాల్సి రావచ్చు, ఇసుక పురుగులు కుడుతూనే ఉంటాయి, గుడ్లను ముట్టుకునే చేతులకు దోమల మందు రాసుకోకూడదు. గుడ్లు పడటం మొదలయ్యాకే రమ్మని ఎర్ర లైటుతో సైగ చేస్తాడు. ఒక్కసారి పెట్టడం మొదలయ్యాక అది అంత తేలిగ్గా బెదరదు.

లెదర్‌బ్యాక్‌ని మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు నాకు మాట రాలేదు. వీపు మీద గట్టి డిప్ప ఉండదు, నల్లటి తోలు, దాని మీద పొడవుగా గట్లు. మూడు నాలుగు వందల కిలోల జంతువు వెనక ఫ్లిప్పర్లు రెండిటినీ చేతుల్లా వంచి, ఒకదాని తర్వాత ఒకటి ఇసుక తోడి పక్కన పోస్తుంది, వెనక్కి తిరిగి చూసుకోకుండా ముప్పావు మీటరు లోతు గుంట అంత నున్నగా తవ్వుతుంది. కళ్లలోంచి జిగురులాంటి నీళ్లు కారుతుంటాయి. ఏడుస్తోందని మాతో ఉన్నవాళ్లు అనుకున్నారు, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కళ్ల దగ్గరుండే గ్రంథుల ద్వారా అలా బయటికి పంపేస్తుందట, సముద్రంలో ఉన్నప్పుడూ అంతే. గుడ్లు ఎనభై దాకా, ఆఖర్లో సొన లేని చిన్న చిన్న గుడ్లు కొన్ని. ఆ చిన్నవి పడుతున్నాయంటే పని అయిపోవచ్చిందని అర్థం.

గుంట సురక్షితమైన చోట ఉంటే గుడ్లు అక్కడే వదిలేస్తారు, అదే అన్నిటికన్నా మేలని స్టేషన్ వాళ్లు గట్టిగా నమ్ముతారు. అలలు ముంచెత్తే చోటైనా, గుడ్ల దొంగలు తిరిగే చోటైనా మాత్రమే తీస్తారు. తియ్యాలంటే ఒకరు తాబేలు వెనక బోర్లా పడుకుని, గ్లౌజులు వేసుకున్న చేతులతో గుంటలోకి సంచి పట్టి, పడే గుడ్లన్నీ అందులో పట్టాలి. సంచి బరువెక్కుతుంటే చేతులు లాగేస్తాయి. ఆ సంచి ఊగకుండా హేచరీకి, అంటే తీసిన గుడ్లను మళ్లీ పాతిపెట్టి కాపలా కాసే చోటికి మోసుకెళ్లి, తాబేలు తవ్వినంత లోతులోనే, అదే ఆకారంలో, కింద వెడల్పుగా మెడ సన్నగా ఉండే గుంట మనం చేత్తో తవ్వి అందులో పెట్టాలి. కొన్ని గంటల్లో ఇదంతా అయిపోవాలి. ఆ తర్వాత గుడ్డు లోపల పిండం పైపొరకు అంటుకుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. ఇదంతా తెలిశాక, ఫొటో కోసం గుడ్డు చేతికిచ్చే ప్రోగ్రాంల మీద నాకు కోపం తప్ప ఇంకేం మిగల్లేదు.

కొలతలు తీసుకుని, ట్యాగ్ ఉందో లేదో చూస్తారు. పచ్చ తాబేలుకి ముందు ఫ్లిప్పర్ల మీద, లెదర్‌బ్యాక్‌కి వెనక ఫ్లిప్పర్ల మీద చిన్న లోహపు బిళ్ల ఉంటుంది, కొన్నిటికి భుజం కండలో చిప్ కూడా ఉంటుంది, స్కానర్ పెడితే నంబర్ వస్తుంది. పాత నంబర్ ఉన్న తాబేలు దొరికిన రాత్రి స్టేషన్ మొత్తం సంబరమే. ట్యాగ్ వేసేది శిక్షణ పూర్తయినవాళ్లే. ఇంటర్న్‌లకు కొన్నాళ్లయ్యాక నేర్పిస్తారు, వాలంటీర్లకు ఇవ్వరు. తాబేలు వెళ్లిపోయాక ఇసుకలో దాని గుర్తులు చెరిపేసే పని అందరిదీ, దొంగలకు గూడు ఎక్కడుందో తెలియకుండా. ఒడ్డున ఉన్న గుర్తు కర్రల నుంచి టేపుతో దూరాలు కొలిచి రాసుకుంటారు, రెండు నెలల తర్వాత అదే గూడు వెతికి పట్టుకోవాలి కదా.

పగటిపూట పని అంత గొప్పగా ఉండదు గానీ ముఖ్యమైంది. బీచ్ మీద ప్లాస్టిక్ ఏరడం, దుంగలు తప్పించడం, కాగితాల మీది అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. హేచరీకి ఇరవై నాలుగు గంటలూ కాపలా ఉంటుంది, ఎండ్రకాయలు, ఈగలు, కుక్కలు, మనుషులు అన్నిటి నుంచీ. గూళ్ల ఉష్ణోగ్రత రాస్తారు. ఇసుక వేడిని బట్టే పిల్లలు ఆడవా మగవా అన్నది తేలుతుంది, 29 డిగ్రీల అటూ ఇటూ అయితే రెండూ కలిసి వస్తాయి, వేడి పెరిగితే ఆడవి ఎక్కువ, మరీ పెరిగితే గుడ్లే చచ్చిపోతాయి. అందుకే హేచరీ మీద నీడ కోసం వల కడతారు. నేనున్నప్పుడు థర్మామీటర్లు తక్కువపడి కొన్ని గూళ్లకు మాత్రమే పెట్టారు. ఇంత డబ్బు తీసుకుంటున్నప్పుడు అది సరిచెయ్యాలి, నేను ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను కూడా.

పొదిగి పిల్లలొచ్చాక గూడు తవ్వి లెక్క తియ్యడం ఇంకో పని. పగిలిన పెంకులు ఎన్ని, పొదగనివి ఎన్ని, పొదగనివాటిలో పిండం ఏ దశలో ఆగిపోయింది అని ఒక్కొక్కటీ విప్పి చూడాలి. కంపు మామూలుగా ఉండదు. కొందరు పక్కకెళ్లి వాంతి చేసుకున్నారు. నాకు మాత్రం ఆ గంటలోనే ఈ పని విలువ బాగా తెలిసింది, ఎందుకంటే ఏ గూళ్లలో ఎంత శాతం పిల్లలు బయటికొచ్చాయి, మిగతావి పాడైంది నీళ్లు చేరడం వల్లా, వేడి వల్లా, పురుగు వల్లా అన్నది ఈ లెక్క నుంచే తెలుస్తుంది, వచ్చే సంవత్సరం హేచరీ ఎక్కడ కట్టాలో దీన్నిబట్టే నిర్ణయిస్తారు.

పిల్లల్ని వదిలే రాత్రి గురించి అందరూ అడుగుతారు. నీళ్లకు దూరంగా ఇసుక మీద వదిలి వెనక్కి జరగాలి, అవే పాక్కుంటూ వెళ్లాలి. ప్రతిసారీ వేరే చోట వదులుతారు, ఒకేచోట వదిలితే చేపలు, పక్షులు అక్కడే కాపు కాస్తాయి. గుడ్డులోంచి వచ్చిన మొదటి గంటల్లో పిల్లల్లో ఈత కొట్టడానికి ఉండే ఊపు వాటిని లోతు నీళ్లకు చేర్చడానికే, తొట్టెలో ఉంచితే అదంతా అక్కడే ఖర్చయిపోతుంది. కాబట్టి పగలు టూరిస్టులకు చూపించడానికి పిల్లల్ని బకెట్లలో దాచి ఉంచే చోటు ఏదైనా సరే, పేరులో సంరక్షణ అని ఉన్నా సరే, నమ్మకండి.

ఇప్పుడు ఏజెన్సీ సంగతి. వాళ్ల పేజీ నిండా పిల్లల్ని చేతుల్లో పట్టుకున్న ఫొటోలే. ఫోన్‌లో మాట్లాడినామె కూడా పిల్లల్ని ఎత్తుకోవచ్చు అనే చెప్పింది, స్టేషన్‌కి వెళ్లిన మొదటి సాయంత్రమే అది పూర్తిగా నిషేధమని తెలిసింది. రాత్రంతా నడవాలని, మోకాళ్ల నొప్పులు ఉంటే కష్టమని ఎక్కడా రాయలేదు, మా బ్యాచ్‌లో ఒకాయన దానివల్లే మధ్యలో వెళ్లిపోయాడు, పాపం, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వెళ్లేముందు పంపిన పుస్తకంలో వ్యాక్సిన్లు, బ్యాగులు, ఎయిర్‌పోర్ట్ పికప్ తప్ప తాబేళ్ల గురించి ఒక్క పేజీ లేదు. మేము కట్టిన దాంట్లో స్టేషన్‌కి చేరేది ఎంత అని అడిగితే సూటిగా చెప్పలేదు. అదే స్టేషన్ నేరుగా కూడా దరఖాస్తులు తీసుకుంటుందని అక్కడికెళ్లాకే తెలిసింది. మీరైతే ముందు స్టేషన్‌కే మెయిల్ రాయండి, జవాబు ఆలస్యంగా వస్తుంది, అక్కడ నెట్ అంతంతమాత్రమే, వారం ఆగండి.

పని చేసి డబ్బు కూడా మనమే కట్టడం ఏంటని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. స్టేషన్‌లో తిండి, పడక, పడవ ఖర్చు, ప్రభుత్వ అనుమతులు, స్థానిక గైడ్ల జీతాలు, అన్నీ ఎక్కడినుంచో రావాలి. మా గైడ్లలో ఒకప్పుడు గుడ్లు తవ్వి అమ్మినవాళ్లు ఉన్నారు. తీరం వాళ్లకు సొంత అరచెయ్యిలా తెలుసు, చీకట్లో మేము దాటిపోయిన గుర్తులు వాళ్లు పట్టేసేవాళ్లు. సీజన్ మొత్తం జీతం ఇస్తే ఆ మనిషికి గుడ్లు అమ్మాల్సిన అవసరం ఉండదు, నా డబ్బులో ఎంత వాళ్లకు వెళ్లినా నాకు బాధ లేదు. స్థానికులకు జీతం ఇవ్వకుండా విదేశీ వాలంటీర్లతోనే మొత్తం నడిపే ప్రాజెక్ట్ అయితే ఆలోచించండి.

కోస్టారికాలో 2002లో వచ్చిన 8325 నంబర్ చట్టం ప్రకారం సముద్ర తాబేళ్లను చంపడం, మాంసం, గుడ్లు అమ్మడం నేరం. పసిఫిక్ వైపు ఒస్టియోనల్‌లో మాత్రం ఊరివాళ్లకు పరిమితంగా గుడ్లు తీసే అనుమతి ఉంది. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకు వేలు ఒకేసారి ఒడ్డుకొస్తాయి, ముందొచ్చినవి పెట్టిన గుడ్లను తర్వాతొచ్చినవి తవ్వి పాడుచేస్తాయి, అందుకని మొదట్లో పెట్టినవాటిలో కొన్ని తియ్యనిస్తారు. దాన్ని చూపించి కరీబియన్ వైపు కూడా తప్పులేదనేవాళ్లు ఉంటారు, రెండూ ఒకటి కాదు.

భద్రత గురించి సూటిగా రాయాలి. 2013 మే 31న మోయిన్ బీచ్‌లో, లిమోన్ పట్నానికి దగ్గర్లో, హైరో మోరా సాండోవల్ అనే 26 ఏళ్ల కోస్టారికా యువకుడిని చంపేశారు. అతను లెదర్‌బ్యాక్ గూళ్లను కాపాడుతున్నాడు, ఆ రాత్రి అతనితో ఉన్న విదేశీ వాలంటీర్లు ప్రాణాలతో తప్పించుకున్నారు. ఆ తీరంలో తాబేళ్ల కోసం పని చేసేవాళ్లు ఇప్పటికీ అతని పేరు ఎంతో గౌరవంగా తలుచుకుంటారు. మా స్టేషన్‌లో మొదటి రోజే ఈ సంగతి చెప్పి, దొంగలు ఎదురైతే ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదు, గైడ్ చెప్పినట్టు వెనక్కి వచ్చెయ్యాలి, గుడ్లు పోతే పోనివ్వాలి అని సంతకం చేయించుకున్నారు. నేను ఉన్నన్నాళ్లూ దూరంగా టార్చ్ వెలుగులు కనిపించాయి, అంతకుమించి ఏమీ జరగలేదు. రాత్రి గస్తీలో రేడియో ఉంటుందా, తీరరక్షక దళంతో గానీ పోలీసులతో గానీ సంబంధాలు ఉన్నాయా, వాలంటీర్లను ఎప్పుడైనా గైడ్ లేకుండా పంపుతారా అని అడగండి. చివరిదానికి అవునని జవాబు వస్తే అక్కడికి వెళ్లకండి. మనుషులే కాదు, ఆ సముద్రంలో ప్రవాహం లాగేస్తుంది, ఈత నిషేధం. అడవి దారుల్లో టెర్సియోపెలో అనే విషప్పాము ఉంటుంది, బాత్రూమ్‌కి వెళ్లినా బూట్లు, లైటు తప్పనిసరి.

బస గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బంక్ మంచాలు, దోమతెర, చన్నీళ్లు, సోలార్ కరెంటు సాయంత్రం కొంతసేపు. ఉతికిన బట్ట ఆరదు. పొద్దున గాయో పింటో, అంటే అన్నంలో నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించింది, మధ్యాహ్నం అన్నం, గింజలు, అరటికాయ, ఒక్కోసారి చేప. శాకాహారులకు ఇబ్బంది లేదు, రోజూ అదే తినగలిగితే. స్పానిష్ కొంచెమైనా నేర్చుకుని వెళ్లండి, గైడ్లకు తెలిసినదంతా ఇంగ్లిష్‌లో ఇచ్చే శిక్షణ కాగితాల్లో లేదు, వాళ్లతో మాట్లాడలేకపోతే సగం చదువు పోయినట్టే.

ఇంటర్న్‌గా వెళ్లాలా, వాలంటీర్‌గానా? వాలంటీర్‌కి నడక, కాపలా, శుభ్రం చెయ్యడం. ఇంటర్న్‌కి వాటితో పాటు డేటా బాధ్యత, కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడం, చివర్లో ఒక రిపోర్ట్. కాలేజీలో బయాలజీ చదివేవాళ్లకు, ఫీల్డ్ పనిలోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇంటర్న్‌షిప్ నిజంగా ఉపయోగం, కానీ స్టేషన్‌కి నేను తగ్గించిన సగం మార్కు ఇక్కడిదే. రిపోర్ట్ అంశం ఏంటన్నది చాలా ఆలస్యంగా చెప్పారు, మొత్తం ఇంటర్న్‌లను చూసుకోవడానికి ఒక్క బయాలజిస్టే ఉంది, ఆమె రాత్రి గస్తీ తిరిగి పగలు మా ప్రశ్నలకు జవాబులు చెప్పేది, ఎప్పుడు నిద్రపోయేదో తెలియదు. వెళ్లేముందే రిపోర్ట్ అంశం అడిగి, పాత సంవత్సరాల డేటా వాడుకోనిస్తారా లేదా అని రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇదంతా చేస్తే తాబేళ్లకు ఒరిగేదేంటి అన్న సందేహం ఉన్నవాళ్లు టోర్టుగేరో అనే చోటు వైపు చూడాలి. మా స్టేషన్ ఉన్న ఆ తీరంలోనే ఉంది. అమెరికన్ జంతుశాస్త్రవేత్త ఆర్చీ కార్ 1950లలో అక్కడ తాబేళ్లకు ట్యాగ్‌లు వెయ్యడం మొదలుపెట్టాడు, 1975లో నేషనల్ పార్క్ అయింది, ఇప్పుడది పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. పచ్చ తాబేలు పెద్దదై గుడ్లు పెట్టడానికి పాతికేళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే ఒక తరం కాపాడిన గూళ్ల ఫలితం తర్వాతి తరానికే కనిపిస్తుంది. 2025లో ఐయూసీఎన్, అంటే ఏ జీవులు ప్రమాదంలో ఉన్నాయో జాబితా చేసే అంతర్జాతీయ సంస్థ, పచ్చ తాబేలుని అంతరించే ప్రమాదం ఉన్న జాబితా నుంచి తప్పించింది. లెదర్‌బ్యాక్ కథ అలా లేదు, వాయవ్య అట్లాంటిక్‌లో దాని సంఖ్య పడిపోతూనే ఉంది, ఆ తీరం లెదర్‌బ్యాక్‌లు ఆ గుంపులోవే. అందుకే ఎంచుకునే వీలుంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి, అప్పుడు లెదర్‌బ్యాక్‌లకు మనుషుల అవసరం ఎక్కువ, వాలంటీర్లు తక్కువ, అందరూ జూలై సెలవులకే వస్తారు.

రెండు వారాలకన్నా తక్కువకు దరఖాస్తు చెయ్యకండి. మొదటి కొన్ని రోజులు శిక్షణకు, నిద్రవేళలు మార్చుకోవడానికే పోతాయి, మీరు పనికొచ్చేసరికి తిరిగొచ్చే రోజు వచ్చేస్తుంది, మీకు నేర్పినవాళ్ల శ్రమ వృథా అవుతుంది. ఇంకోటి, లెదర్‌బ్యాక్ ఒకసారి పెట్టాక తొమ్మిది పది రోజులకు మళ్లీ ఒడ్డుకొస్తుంది, కాస్త ఎక్కువ ఉంటే మీరు నంబర్ రాసుకున్న తాబేలే రెండోసారి కనిపించవచ్చు, నాకు కనిపించింది.